వీపీఎన్ తెగినప్పుడు మన ఐపీ ఎలా బయటపడుతుంది, దాన్ని ఎలా ఆపాలి

2020 డిసెంబరు. అమెరికాలోని పోర్ట్‌ల్యాండ్‌లో ఉండే ఒక సీనియర్ డెవలపర్ తాను పనిచేసే కంపెనీ ఫైళ్లనే ఇంట్లో కూర్చుని గుట్టుగా కాపీ చేసుకున్నాడు. ఇంటి ఐపీ అడ్రస్ (ఇంటర్నెట్‌లో మన కనెక్షన్‌ను గుర్తించే నంబరు) ఎక్కడా లాగుల్లో, అంటే సర్వర్లు రాసుకునే రికార్డుల్లో, పడకుండా సర్ఫ్‌షార్క్ వీపీఎన్ పెట్టుకున్నాడు. వీపీఎన్ అంటే మన ట్రాఫిక్‌ను రహస్య లిపిలోకి మార్చి వేరే సర్వర్ మీదుగా పంపే ఏర్పాటు. అవతలి సైటుకు మన ఐపీ బదులు ఆ సర్వర్ ఐపీ కనిపిస్తుంది. పని సాగుతుండగా ఇంట్లో ఇంటర్నెట్ కాసేపు పోయి తిరిగి వచ్చింది. వచ్చిన ఆ కాస్త వ్యవధిలో ఒక్క కనెక్షన్ వీపీఎన్ లోంచి కాకుండా నేరుగా గిట్‌హబ్‌కు (కంపెనీ కోడ్ ఉండే సైటు) వెళ్లింది. ఇంటి ఐపీ లాగులో నమోదైపోయింది. తర్వాత అతనే గుర్తుతెలియని హ్యాకర్ వేషం కట్టి కంపెనీని 50 బిట్‌కాయిన్లు అడిగాడు. దర్యాప్తులో ఆ ఒక్క లైను ముఖ్యమైన ఆధారమైంది. 2023 మేలో ఆరేళ్ల జైలు శిక్ష పడింది.

ఆ శిక్ష న్యాయమైనదే. అయితే వీపీఎన్‌కు దొంగ ఎవరో, దొర ఎవరో తెలియదు. పై అధికారి అవినీతి పత్రాలను విలేకరికి పంపే చిన్న ఉద్యోగికీ, ఇంట్లో హింస భరిస్తూ సాయం కోసం రహస్యంగా వెతుక్కునే మహిళకూ జరిగేది సరిగ్గా ఇదే. కనెక్షన్ తెగిన సంగతి మనం గమనించేలోపే పని అయిపోతుంది. అందుకే ఈ కొద్ది సెకన్ల వెనక ఏం జరుగుతుందో ముందు చూద్దాం. అది అర్థమైతే ఏ సెట్టింగ్ ఎందుకు పెట్టాలో దానంతటదే తెలుస్తుంది.

పాత దారి చెరిగిపోదు

ప్రతి కంప్యూటర్‌లోనూ, ఫోన్‌లోనూ ఒక దారుల పట్టిక ఉంటుంది. దీన్నే రూటింగ్ టేబుల్ అంటారు. ఏ అడ్రస్‌కు వెళ్లే ప్యాకెట్ (డేటా ముక్క) ఏ ఇంటర్‌ఫేస్ (వైఫై లాంటి నెట్‌వర్క్ ద్వారం) గుండా బయటికి పోవాలో అందులో రాసి ఉంటుంది. వైఫైకి కనెక్ట్ కాగానే అందులోకి ఒక లైను చేరుతుంది: 0.0.0.0/0, అంటే 'మరెక్కడా దారి దొరకని ప్యాకెట్లన్నీ ఇంటి రౌటర్‌కు ఇచ్చెయ్'. ఇదే డిఫాల్ట్ రూట్.

వీపీఎన్ మొదలవగానే టన్0 లాంటి పేరుతో ఒక ఊహా ఇంటర్‌ఫేస్ పుడుతుంది. ట్రాఫిక్ మొత్తాన్ని దానివైపు తిప్పాలి. వీపీఎన్ పద్ధతుల్లో ఒకటైన ఓపెన్ వీపీఎన్ మామూలుగా దీన్ని ఒక చిట్కాతో చేస్తుంది. పాత డిఫాల్ట్ రూట్‌ను ముట్టుకోకుండా 0.0.0.0/1, 128.0.0.0/1 అని రెండు కొత్త దారులు రాస్తుంది. ఇంటర్నెట్ మొత్తాన్ని చెరి సగంగా చీల్చినట్టన్నమాట. రూటింగ్‌లో ఎంత నిర్దిష్టమైన దారి అయితే దానికి అంత ప్రాధాన్యం. కాబట్టి /0 కంటే /1 గెలుస్తుంది, ప్యాకెట్లన్నీ సొరంగంలోకి, అంటే వీపీఎన్ కనెక్షన్‌లోకి వెళ్తాయి. పాత దారి మాత్రం కింద అలాగే పడి ఉంటుంది.

వీపీఎన్ ప్రోగ్రాం కూలిపోయినా, ఇంటర్‌ఫేస్ మాయమైనా దానిమీద ఆధారపడిన ఆ రెండు లైన్లూ పట్టిక నుంచి పోతాయి. మిగిలేది పాత 0.0.0.0/0 ఒక్కటే. తర్వాతి ప్యాకెట్ ఇంటి రౌటర్ గుండా నేరుగా బయటికి వెళ్తుంది. ఇందులో ఎక్కడా ఎర్రర్ లేదు, హెచ్చరిక లేదు. ఆపరేటింగ్ సిస్టమ్ తన పని తాను సక్రమంగా చేసింది. 'ఎలాగోలా ఇంటర్నెట్ అందించు' అనేదే దానికి మనం ఇచ్చిన ఆదేశం. 'సొరంగం లేకపోతే అసలు పంపకు' అని మనం ఎప్పుడూ చెప్పలేదు.

ఓపెన్ వీపీఎన్ కాన్ఫిగ్ ఫైల్‌లో పర్సిస్ట్ టన్ అనే లైను ఉంటే, కనెక్షన్ మళ్లీ మొదలయ్యేటప్పుడు కూడా ఇంటర్‌ఫేస్‌ను పట్టి ఉంచుతుంది. ఆ ఒక్క లైను లేకపోవడం వల్లే చాలామందికి రీకనెక్ట్ సమయంలో లీకు జరుగుతుంది. అయితే ప్రోగ్రామే చచ్చిపోతే ఇదీ కాపాడదు.

వైర్‌గార్డ్ అనే మరో వీపీఎన్ పద్ధతి స్వభావం వేరు. దానికి 'కనెక్ట్ అవడం', 'తెగడం' అనే స్థితులే లేవు. సర్వర్ అందకపోయినా ఇంటర్‌ఫేస్ నిలిచే ఉంటుంది, ప్యాకెట్లు అందులోకి వెళ్లి ఆగిపోతాయి. సర్వర్ పోయినంత మాత్రాన లీకు కాదు. ఈ విషయంలో వైర్‌గార్డ్ పుట్టుకతోనే సురక్షితం. కానీ ఇంటర్‌ఫేస్‌ను ఎవరైనా కిందికి దించితే కథ మళ్లీ మొదటికే. అది మనమే ఆఫ్ నొక్కడం కావచ్చు, ఫోన్ బ్యాటరీ మేనేజర్ యాప్‌ను చంపేయడం కావచ్చు.

ఆ కొద్ది సెకన్లలో పోయేది ఏమిటి

భయపెట్టకుండా ఉన్నదున్నట్టు చెప్పుకోవాలి. వీపీఎన్ తెగితే పాస్‌వర్డులు బయటపడవు. ఇప్పుడు దాదాపు అన్ని సైట్లూ హెచ్‌టీటీపీఎస్ మీద నడుస్తాయి కాబట్టి పేజీలో ఏముందో ఇంటర్నెట్ కంపెనీకి కనిపించదు. మీ అసలు ఐపీ నుంచి ఏ సైటుకు, ఎన్ని గంటలకు, ఎంత డేటా వెళ్లిందో మాత్రం కనిపిస్తుంది. అవతలి సైటుకు కనిపించేది ఇంకా ప్రమాదకరం. సొరంగం తెగగానే దానిమీద నడుస్తున్న టీసీపీ కనెక్షన్లన్నీ చచ్చిపోతాయి. బ్రౌజర్‌లో తెరిచి ఉన్న ట్యాబ్‌లు, మెయిల్ యాప్, చాట్ యాప్ క్షణాల్లో మళ్లీ కనెక్ట్ అవుతాయి. ఈసారి అసలు దారిలో, పాత కుకీతో, పాత లాగిన్‌తో. సర్వర్ లాగులో ఒకే ఖాతా పక్కన రెండు ఐపీలు పడతాయి. ఒకటి వీపీఎన్‌ది, ఒకటి మీ ఇంటిది. అప్పటిదాకా ఆ ఖాతాతో చేసినదంతా ఆ ఒక్క లైనుతో మీకు ముడిపడిపోతుంది. మీరు కూర్చుని ఏమీ టైప్ చేయకపోయినా సరే.

మన దేశంలో ఆ లైనుకు ఆయుష్షు కూడా ఎక్కువే. ఏ చందాదారుడికి ఏ ఐపీ ఎప్పుడు ఇచ్చారో తెలిపే రికార్డులను ఇంటర్నెట్ సంస్థలు కనీసం రెండేళ్లు దాచాలని 2021 డిసెంబరులో టెలికాం శాఖ లైసెన్సు నిబంధనలు మార్చింది. అంతకుముందు అది ఏడాదే. అంటే ఇవాళ మూడు సెకన్లు తెగిన వీపీఎన్ తాలూకు జాడ రెండేళ్ల తర్వాత అడిగినా దొరకవచ్చు. 2022 ఏప్రిల్ 28న సెర్ట్ ఇన్ (కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ) ఇచ్చిన ఆదేశాలు వీపీఎన్ సంస్థలు కూడా వినియోగదారుల పేర్లు, ఐపీలు, ఇతర వివరాలు ఐదేళ్లు భద్రపరచాలన్నాయి. సెప్టెంబరు 25న ఆ ఆదేశాలు అమల్లోకి వచ్చేలోపే ఎక్స్‌ప్రెస్ వీపీఎన్, సర్ఫ్‌షార్క్, నార్డ్ వీపీఎన్ వంటివి భారత్‌లోని తమ సర్వర్లు ఎత్తేశాయి. సంస్థలు తమ ఉద్యోగుల కోసం నడిపే వీపీఎన్‌లకు ఆ నిబంధన వర్తించదు. కాబట్టి ఏ దేశంలోని సర్వర్ ఎంచుకుంటున్నారన్నది కూడా ఆలోచించాల్సిందే. అయితే సొరంగం తెగితే సర్వర్ ఏ దేశంలో ఉన్నా ఒకటే.

ఎందుకు తెగుతుంది

ఇంట్లో వైఫై నుంచి బయటికి రాగానే ఫోన్ మొబైల్ డేటాకు మారుతుంది. అదే అన్నిటికంటే తరచుగా జరిగే తెగింపు. ల్యాప్‌టాప్ మూత మూసి తెరవడం రెండోది. కరెంటు పోయి రౌటర్ రీస్టార్ట్ అవడం మన ఊళ్లలో చెప్పనక్కర్లేదు. ల్యాప్‌టాప్‌కు బ్యాటరీ ఉంటుంది, రౌటర్‌కు ఉండదు. సరిగ్గా పోర్ట్‌ల్యాండ్ పరిస్థితే.

కొంచెం లోతైన కారణం ఒకటుంది. మన మొబైల్ నెట్‌వర్కుల్లో, చాలా బ్రాడ్‌బ్యాండ్ కనెక్షన్లలో ఒకే పబ్లిక్ ఐపీని ఎంతోమంది పంచుకుంటారు. మధ్యలో ఉండే నాట్ యంత్రం ఎవరి ప్యాకెట్ ఎవరిదో గుర్తుపెట్టుకుంటుంది. యూడీపీ (వీపీఎన్‌లు ఎక్కువగా వాడే రవాణా పద్ధతి) ప్రవాహం కొద్దిసేపు నిశ్శబ్దంగా ఉంటే, కొన్నిచోట్ల 30 సెకన్లకే, ఆ గుర్తు చెరిపేస్తుంది. అప్పుడు సర్వర్ నుంచి వచ్చేది మీదాకా చేరదు. అందుకే వైర్‌గార్డ్‌లో పర్సిస్టెంట్ కీప్ అలైవ్ విలువ 25 పెట్టమంటారు. ప్రతి 25 సెకన్లకు ఒక చిన్న ప్యాకెట్ పంపి ఆ గుర్తును బతికిస్తుంది. ఓపెన్ వీపీఎన్‌లో కీప్ అలైవ్ 10 60 అని ఉంటే, 10 సెకన్లకోసారి పలకరిస్తుంది, 60 సెకన్లు జవాబు రాకపోతే మళ్లీ మొదలుపెడుతుంది. తెగడాన్ని ఇవి తగ్గిస్తాయి. తెగాక జరిగేదాన్ని ఆపలేవు.

ఎంటీయూ (ఒక ప్యాకెట్ గరిష్ఠ పరిమాణం) సమస్యను మాత్రం తెగడంతో కలిపి చూడకూడదు. వైర్‌గార్డ్ తన ఇంటర్‌ఫేస్‌కు మామూలుగా 1420 బైట్ల ఎంటీయూ ఇస్తుంది. దారిలో అంతకంటే ఇరుకు ఉంటే వీపీఎన్ కనెక్టెడ్ అనే చూపిస్తుంది, చిన్న పేజీలు వస్తాయి, పెద్దవి వేలాడుతాయి. విసుగుపుట్టి మనమే ఆఫ్ చేస్తాం. అలా మన చేత్తో మనం చేసిన తెగింపులు తక్కువేం కాదు. ఎంటీయూను 1280కి తగ్గించి చూడండి, చాలాసార్లు అంతటితో సరిపోతుంది.

కిల్ స్విచ్ అన్నవన్నీ ఒకటి కావు

ప్రతి వీపీఎన్ కంపెనీ తన యాప్‌లో కిల్ స్విచ్ ఉందంటుంది. కానీ ఆ పేరు కింద రెండు వేర్వేరు పనులు నడుస్తున్నాయి.

ఒకటి కాపలా రకం. యాప్ సొరంగాన్ని గమనిస్తూ ఉంటుంది. తెగిందని తెలియగానే నెట్‌వర్క్‌ను ఆపుతుంది, లేదా మీరు చెప్పిన ప్రోగ్రాంలను మూసేస్తుంది. తెగడానికీ, తెలియడానికీ మధ్య సందు ఉంటుంది. సగం సెకను చాలు, బ్రౌజర్ మళ్లీ కనెక్ట్ అవడానికి. పైగా కాపలాదారే కూలిపోతే ఎవరూ ఏమీ ఆపరు.

రెండోది తాళం రకం. ఫైర్‌వాల్‌లో (ఏ ట్రాఫిక్‌ను వదలాలో, ఏది ఆపాలో చూసే భాగం) ముందే నియమం రాసి ఉంటుంది: వీపీఎన్ సర్వర్ ఐపీకి వెళ్లే ప్యాకెట్లు తప్ప అసలు నెట్‌వర్క్ కార్డు గుండా ఏదీ బయటికి పోకూడదు, మిగతావి సొరంగం గుండానే పోవాలి. ఇక్కడ తెగిందా లేదా అని ఎవరూ కనిపెట్టనక్కర్లేదు. తెగితే దారి లేదు, అంతే. నా దృష్టిలో రెండోదాన్నే కిల్ స్విచ్ అనాలి.

రెండో రకంలోనూ ఒక మెలిక ఉంది. విండోస్‌లో వీపీఎన్ యాప్‌లు ఎక్కువగా విండోస్ ఫిల్టరింగ్ ప్లాట్‌ఫామ్ ద్వారా నియమాలు రాస్తాయి. ఆ నియమాలను తాత్కాలిక సెషన్‌లో రాస్తే, రాసిన ప్రోగ్రాం ముగియగానే విండోసే వాటిని తుడిచేస్తుంది. శాశ్వత నియమాలుగా రాస్తే ప్రోగ్రాం చచ్చినా, కంప్యూటర్ రీస్టార్ట్ అయినా ఉంటాయి. ఏ యాప్ ఏ పద్ధతి వాడుతుందో సెట్టింగుల పేజీలో రాయరు. పరీక్షించి తెలుసుకోవాల్సిందే. ఎలాగో కింద చెప్తాను.

మరో తేడా: మీరే డిస్‌కనెక్ట్ నొక్కినప్పుడు ఏం జరగాలి? చాలా యాప్‌లు 'కావాలనే ఆపారు కదా' అని ఇంటర్నెట్‌ను వదిలేస్తాయి. అప్పుడు కూడా మూసి ఉంచే సెట్టింగ్ వేరే ఉంటుంది. మల్వాడ్ అనే వీపీఎన్‌లో దాన్ని లాక్‌డౌన్ మోడ్ అంటారు, ప్రోటాన్ వీపీఎన్‌లో అడ్వాన్స్‌డ్ కిల్ స్విచ్. సర్వర్ మార్చుకునే మధ్య వ్యవధి, రీస్టార్ట్ అయ్యాక యాప్ లేచేలోపు ఉండే వ్యవధి, ఈ రెండూ మూసుకోవాలంటే ఈ సెట్టింగే కావాలి.

ఆండ్రాయిడ్‌లో

మనవాళ్లలో ఎక్కువమంది ఇంటర్నెట్ చూసేది ఆండ్రాయిడ్ ఫోన్‌లోనే. అదృష్టవశాత్తూ దానిలో తాళం రకం కిల్ స్విచ్ సిస్టమ్‌లోనే ఉంది, వీపీఎన్ యాప్‌ను నమ్మాల్సిన పని లేదు. సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్, అందులో వీపీఎన్, మీ వీపీఎన్ పేరు పక్కన ఉన్న చక్రం గుర్తు నొక్కండి. శాంసంగ్ ఫోన్లలో కనెక్షన్స్, మోర్ కనెక్షన్ సెట్టింగ్స్, వీపీఎన్ అనే వరుసలో వెళ్లాలి. వీపీఎన్ యాప్‌లకు ఆల్వేస్ ఆన్ వీపీఎన్ అనేది ఆండ్రాయిడ్ 7 నుంచి ఉంది. బ్లాక్ కనెక్షన్స్ వితౌట్ వీపీఎన్ ఆండ్రాయిడ్ 8 నుంచి వచ్చింది. రెండూ ఆన్ చేయాలి. మొదటిది ఒక్కటే పెడితే వీపీఎన్ తనంతట తాను లేస్తుంది, కానీ లేచేలోపు లీకు ఆగదు.

తర్వాత యాప్స్ లోకి వెళ్లి ఆ వీపీఎన్ యాప్ బ్యాటరీ సెట్టింగ్‌ను అన్‌రిస్ట్రిక్టెడ్ చేయండి. షావోమీ ఫోన్లలో ఆటోస్టార్ట్ అనుమతి కూడా ఇవ్వాలి. లేకపోతే రాత్రి ఫోన్ పక్కన పెట్టాక యాప్‌ను సిస్టమ్ చంపేస్తుంది, పొద్దున లేచేసరికి ఇంటర్నెట్ ఉండదు. చిరాకుతో మీరు తాళమే తీసేస్తారు.

ఎక్కువమంది ఓడిపోయేది ఇంకోచోట. బ్యాంకు, చెల్లింపుల యాప్‌లు కొన్ని వీపీఎన్ ఉంటే పనిచేయనంటాయి. స్ప్లిట్ టన్నెలింగ్‌లో వాటిని వీపీఎన్ నుంచి మినహాయిస్తాం. కానీ బ్లాక్ కనెక్షన్స్ ఆన్‌లో ఉంటే, మినహాయించిన యాప్‌లకు అసలు ఇంటర్నెట్టే అందదు. వీపీఎన్ లేని దారిని సిస్టమ్ మూసేసింది మరి. కూరగాయల బండి దగ్గర డబ్బు కట్టబోతే యాప్ తెరుచుకోక, అక్కడికక్కడే అన్నీ ఆఫ్ చేసి, తిరిగి ఆన్ చేయడం మర్చిపోతారు. దీనికి మంచి విరుగుడు వేరే ప్రొఫైల్. ఆండ్రాయిడ్‌లో వీపీఎన్ ఒక్కో యూజర్‌కు, ఒక్కో ప్రొఫైల్‌కు విడివిడిగా ఉంటుంది. బ్యాంకు యాప్‌లను వర్క్ ప్రొఫైల్‌లోనో రెండో యూజర్‌లోనో పెట్టి, గోప్యత అవసరమైన పనులు ఉన్న ప్రొఫైల్‌కు మాత్రం తాళం ఎప్పుడూ తీయకుండా ఉంచండి.

హాట్‌స్పాట్ సంగతి కూడా చెప్పాలి. ఫోన్‌లో వీపీఎన్ ఆన్‌లో ఉన్నా, దాని హాట్‌స్పాట్‌కు కనెక్ట్ అయిన ల్యాప్‌టాప్ ట్రాఫిక్ మామూలు ఆండ్రాయిడ్‌లో ఆ వీపీఎన్ గుండా వెళ్లదు. ల్యాప్‌టాప్‌కు దాని వీపీఎన్ దానికే ఉండాలి.

ఆండ్రాయిడ్ తాళం నూటికి నూరు పాళ్లు గట్టిది కాదు. ఇంటర్నెట్ ఉందో లేదో చూసుకునే తనిఖీ ప్యాకెట్లను తాళం ఉన్నా బయటికి పంపుతుందని 2022 అక్టోబరులో మల్వాడ్ బయటపెట్టింది. వీపీఎన్‌ను మార్చే క్షణంలో కొన్ని డీఎన్ఎస్ ప్రశ్నలు (ఏ సైటు పేరుకు ఏ ఐపీ అని అడిగేవి) జారిపోతున్నాయని 2024 మేలో మళ్లీ చెప్పింది. అయినా తాళం లేని స్థితితో పోలిస్తే ఈ సందు చాలా చిన్నది.

ఐఫోన్ సంగతి బలహీనమే. నిజమైన ఆల్వేస్ ఆన్ వీపీఎన్ కంపెనీలు నిర్వహించే సూపర్‌వైజ్డ్ ఫోన్లకే దొరుకుతుంది. మామూలు ఫోన్లలో కనెక్ట్ ఆన్ డిమాండ్ ఉంది, ఐఓఎస్ 14 నుంచి యాప్‌లు మొత్తం ట్రాఫిక్‌ను సొరంగంలోకి లాగే సదుపాయమూ ఉంది. వీపీఎన్ మొదలవక ముందే తెరిచి ఉన్న కనెక్షన్లను ఐఓఎస్ మూయడం లేదని 2020 మార్చిలో ప్రోటాన్ ప్రకటించింది. వీపీఎన్ కనెక్ట్ అయ్యాక ఒకసారి ఎయిర్‌ప్లేన్ మోడ్ ఆన్ చేసి ఆఫ్ చేస్తే పాత కనెక్షన్లు చాలావరకు తెగుతాయి, పూర్తి హామీ మాత్రం లేదు.

కంప్యూటర్‌లో, రౌటర్‌లో

లైనక్స్‌లో యూఎఫ్‌డబ్ల్యూ అనే ఫైర్‌వాల్ టూల్‌తో తాళం పది నిమిషాల పని. ముందు వీపీఎన్ కాన్ఫిగ్ ఫైల్ తెరిచి సర్వర్ పేరు ఉన్నచోట దాని ఐపీ రాయండి. తాళం పడ్డాక డీఎన్ఎస్ పనిచేయదు, పేరు ఉంటే సర్వర్‌ను కనుక్కోలేక లోపలే ఇరుక్కుపోతారు. తర్వాత యూఎఫ్‌డబ్ల్యూ సెట్టింగ్ ఫైల్‌లో ఐపీవీ6 (ఐపీవీ4 తర్వాత వచ్చిన కొత్త తరహా ఐపీ అడ్రస్) విలువ యెస్ అని ఉందో చూడండి. లేకపోతే నియమాలన్నీ ఐపీవీ4కే వర్తిస్తాయి. ఇప్పుడు వరుసగా: లోపలికి వచ్చేవి, బయటికి వెళ్లేవి రెండూ డిఫాల్ట్‌గా డినై, సొరంగం ఇంటర్‌ఫేస్ గుండా బయటికి వెళ్లేవి అలౌ, సర్వర్ ఐపీకి, వీపీఎన్ పోర్టుకు వెళ్లే యూడీపీ అలౌ. ఆ పోర్టు ఓపెన్ వీపీఎన్‌కు మామూలుగా 1194, వైర్‌గార్డ్‌కు 51820. రౌటర్ నుంచి అడ్రస్ తెచ్చుకోవడానికి యూడీపీ 67 కూడా వదలండి. ఆ తర్వాత ఎనేబుల్ చేస్తే రీస్టార్ట్ అయినా నిలుస్తుంది.

విండోస్ ఫైర్‌వాల్‌తో చేతిరాతగా చేయబోయేవారు ఒక గోతిలో పడతారు. అవుట్‌బౌండ్ డిఫాల్ట్‌ను బ్లాక్ చేస్తే అయిపోయిందనుకుంటారు. కానీ విండోస్‌లో ముందే ఆన్ చేసి ఉన్న అవుట్‌బౌండ్ అలౌ నియమాలు చాలా ఉంటాయి. స్టోర్ యాప్‌లకు ఉంటాయి, డీఎన్ఎస్‌కూ కోర్ నెట్‌వర్కింగ్ పేరుతో ఒకటుంటుంది. డిఫాల్ట్ ఏదైనా అవి వెళ్తూనే ఉంటాయి. అవుట్‌బౌండ్ రూల్స్ జాబితా తెరిచి డీహెచ్‌సీపీ (రౌటర్ నుంచి అడ్రస్ తెచ్చుకునే పద్ధతి) నియమం ఉంచి, మిగతావాటిని ఒక్కొక్కటిగా డిసేబుల్ చేయాలి. ఇదంతా వద్దనుకుంటే వైర్‌గార్డ్ వారి సొంత విండోస్ యాప్‌లో బ్లాక్ అన్‌టన్నెల్డ్ ట్రాఫిక్ అనే గడి టిక్ చేయండి. ఒకే పీర్ (అవతలి సర్వర్) ఉండి అలౌడ్ ఐపీస్‌లో (సొరంగంలోకి పంపాల్సిన అడ్రస్‌ల జాబితా) 0.0.0.0/0 ఉంటేనే అది కనిపిస్తుంది. ఎవరో చెప్పారని దాన్ని రెండు /1లుగా విడగొట్టి రాస్తే ఆ తాళం పోతుంది.

టొరెంట్ వాడేవారికి ఇంకో సులువైన అడ్డుకట్ట ఉంది. క్యూబిట్‌టొరెంట్ ఆప్షన్లలో అడ్వాన్స్‌డ్ విభాగంలో నెట్‌వర్క్ ఇంటర్‌ఫేస్ అని ఉంటుంది. అక్కడ వీపీఎన్ ఇంటర్‌ఫేస్‌ను ఎంచుకుంటే, అది లేనప్పుడు ఆ ప్రోగ్రాం కదలదు. టొరెంట్‌లో మీ ఐపీ గుంపులోని ప్రతి ఒక్కరికీ కనిపిస్తుంది కాబట్టి యాప్ కిల్ స్విచ్ ఉన్నా ఇది పెట్టండి.

ఇంటి మొత్తానికి ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ (రౌటర్లకు ఉచిత సాఫ్ట్‌వేర్) రౌటర్‌లో వీపీఎన్ పెట్టుకునేవారికి తాళం చాలా అందంగా కుదురుతుంది. వీపీఎన్‌కు వేరే ఫైర్‌వాల్ జోన్ చేసి, లాన్ (ఇంటి నెట్‌వర్క్) నుంచి ఆ జోన్‌కు ఫార్వర్డింగ్ ఇచ్చి, లాన్ నుంచి వాన్‌కు (బయటి ఇంటర్నెట్ వైపు) ఉన్న ఫార్వర్డింగ్‌ను తీసేయాలి. సొరంగం లేకపోతే ఇంట్లోని ఏ పరికరానికీ బయటికి దారి ఉండదు. అయితే డీఎన్ఎస్ ప్రశ్నలను అడిగేది రౌటరే. రౌటర్ సొంత ట్రాఫిక్‌కు ఈ తాళం వర్తించదు. అప్‌స్ట్రీమ్ డీఎన్ఎస్‌ను వీపీఎన్ వారి సర్వర్‌కు మార్చకపోతే మీరు చూసే సైట్ల పేర్లు మామూలు దారిలో పోతుంటాయి.

కరెంటు కోతలున్న చోట ఇంకో చిక్కు. చాలా చవక రౌటర్లలో గడియారానికి బ్యాటరీ ఉండదు. కరెంటు వచ్చాక గతంలోని ఏదో సమయంతో మేల్కొంటాయి. వైర్‌గార్డ్ సర్వర్ పాత టైమ్‌స్టాంప్ ఉన్న హ్యాండ్‌షేక్‌ను (కనెక్షన్ మొదలుపెట్టే పలకరింపు) తిరస్కరిస్తుంది, ఎవరో పాత ప్యాకెట్ మళ్లీ పంపుతున్నారని భావించి. సమయం సరిచేసుకుందామంటే ఆ ప్రశ్న కూడా చచ్చిన సొరంగంలోకే వెళ్తుంది. ఇల్లంతా ఇంటర్నెట్ లేక ఆగిపోతుంది. సమయం ఇచ్చే సర్వర్ ఐపీ ఒకదానికి వాన్ గుండా స్టాటిక్ రూట్ రాసి, ఎన్‌టీపీ (సమయం సరిచేసే) సెట్టింగ్‌లోనూ పేరు బదులు అదే ఐపీ పెడితే చిక్కు విడిపోతుంది.

తెగకుండానే జారేవి

పచ్చ గుర్తు వెలుగుతూనే ఉండగా జరిగే లీకులు రెండున్నాయి. మొదటిది ఐపీవీ6. జియో 2016లో మొదలైనప్పటి నుంచీ ఐపీవీ6 మీద నడుస్తోంది, మన దేశంలో దాని వాడకం చాలా ఎక్కువ. మీ వీపీఎన్ ఐపీవీ4ను మాత్రమే సొరంగంలోకి తీసుకుంటే, ఐపీవీ6 అందించే ప్రతి సైటుకూ మీ అసలు అడ్రస్ తెలుస్తూనే ఉంటుంది. అలౌడ్ ఐపీస్‌లో ::/0 కూడా ఉండాలి, లేదా ఆ పరికరంలో ఐపీవీ6ను ఆఫ్ చేయాలి.

రెండోది టన్నెల్‌విజన్. 2024 మేలో లెవయాథన్ సెక్యూరిటీ పరిశోధకులు బయటపెట్టారు. వైఫైకి కనెక్ట్ అయినప్పుడు మనకు అడ్రస్ ఇచ్చే డీహెచ్‌సీపీలో 121 అనే ఆప్షన్ 2002 నుంచీ ఉంది, దానితో రౌటర్ మన దారుల పట్టికలో లైన్లు రాయగలదు. దురుద్దేశంతో వైఫై నడిపేవాడు వీపీఎన్ దారుల కంటే నిర్దిష్టమైన దారులు రాస్తే ట్రాఫిక్ సొరంగంలోకి వెళ్లకుండా వాడి చేతికి వెళ్తుంది. సొరంగం తెగలేదు కాబట్టి కాపలా రకం కిల్ స్విచ్‌కు ఏమీ తెలియదు. తాళం రకం ఆ ప్యాకెట్లను బయటికి పోనివ్వదు. ఆండ్రాయిడ్ ఆ 121 ఆప్షన్‌ను పట్టించుకోదు, అందుకే దానికి ఈ ముప్పు లేదు. తెలియని వైఫైలో కూర్చున్నప్పుడు ల్యాప్‌టాప్‌ను ఫోన్ హాట్‌స్పాట్‌కు కలపడం మేలు.

రైల్వే స్టేషన్లలో రైల్‌టెల్ వైఫై లాంటివి మొబైల్ నంబరు, ఓటీపీ అడిగే పేజీతో మొదలవుతాయి. తాళం ఉంటే ఆ పేజీ రాదు. తాళం తీయక తప్పదు. తీసేముందు బ్రౌజర్, మెయిల్, చాట్ అన్నీ మూసేసి, ఏ ఖాతాలోనూ లాగిన్ కాని వేరే బ్రౌజర్‌లో ఆ పేజీ పూర్తిచేసి, మళ్లీ తాళం వేశాక మిగతావి తెరవండి.

పరీక్షించే పద్ధతి

వీపీఎన్ ఆన్ చేసి 1.1.1.1కు ఆగకుండా పింగ్ (జవాబు వస్తుందో లేదో చూసే చిన్న ప్యాకెట్) పెట్టండి. టాస్క్ మేనేజర్‌లో వీపీఎన్ ప్రోగ్రాంను, దాని సర్వీసును బలవంతంగా చంపండి. జవాబులు ఆగి, ఆగిపోయే ఉండాలి. ఒక్క జవాబు వచ్చినా తాళం లేదన్నట్టే. తర్వాత వైఫై ఆపి పెట్టండి, ల్యాప్‌టాప్‌ను నిద్రపుచ్చి లేపండి, రౌటర్ ప్లగ్ పీకి మళ్లీ పెట్టండి. చివరిగా కంప్యూటర్ రీస్టార్ట్ చేసి, వీపీఎన్ యాప్ లేవకముందే పింగ్ చేసి చూడండి. ఎక్కువ యాప్‌లు తప్పేది ఈ చివరి పరీక్షలోనే. ఇవన్నీ ఐపీవీ6 అడ్రస్‌తోనూ ఒకసారి చేయాలి.

ఇంకా కచ్చితంగా కావాలంటే వైర్‌షార్క్ అనే ప్యాకెట్లు చూపించే ప్రోగ్రాంను అసలు నెట్‌వర్క్ కార్డు మీద పెట్టండి, సొరంగం ఇంటర్‌ఫేస్ మీద కాదు. బయటికి వెళ్లే ప్యాకెట్లలో వీపీఎన్ సర్వర్ ఐపీకి వెళ్లేవి, ఇంటి నెట్‌వర్క్‌లో తిరిగే ఏఆర్‌పీ, డీహెచ్‌సీపీ లాంటివి మాత్రమే కనిపించాలి. 53వ పోర్టుకు ఒక్క ప్యాకెట్ వెళ్లినా డీఎన్ఎస్ జారుతోందని అర్థం. ఆపరేటింగ్ సిస్టమ్‌కు పెద్ద అప్‌డేట్ వచ్చిన ప్రతిసారీ ఈ పరీక్ష మళ్లీ చేయండి.

ఇంత చేశాక కూడా తెగిందని గమనించారనుకోండి. చేయి వెంటనే కనెక్ట్ బటన్ మీదికి పోతుంది. ఆగండి. ముందు వైఫై ఆపండి, బ్రౌజర్‌ను పూర్తిగా మూయండి, ఆ తర్వాతే వీపీఎన్ మళ్లీ పెట్టండి. అప్పుడు తెరిచి ఉన్న ఖాతాలు మీ అసలు ఐపీతో ముడిపడ్డాయనే లెక్కేసుకోవాలి. కుకీలు తుడిచినా సర్వర్ దగ్గరున్న లాగు పోదు. పేరు తెలియకూడని పనికి వాడుతున్న ఖాతా వాటిలో ఉంటే, దాన్ని అంతటితో వదిలేసి, వేరే బ్రౌజర్ ప్రొఫైల్‌లో కొత్తది మొదలుపెట్టండి.